మన మాంబలము నాడు – నేడు: పాత పటములు చెప్పిన సాక్ష్యము

(శతజయంతి సందర్భమున సంఘ కూటములో చదివిన ప్రసంగ పాఠము)



ఈ శతజయంతి కూటములలో మా ముందు మాట్లాడినవారు గురువులను గూర్చి, పాఠశాలలను గూర్చి, స్త్రీల సమాజమును గూర్చి చక్కని సంగతులు చెప్పారు. మాకు అప్పగించిన విషయము కొంచెము వేరు. అది మనుష్యుల చరిత్ర కాదు, నేల చరిత్ర. మనము నివసించే ఈ మాంబలము, త్యాగరాయనగరు ప్రాంతము, వీధులు వేయకముందు ఏమై ఉన్నది? ఆ సంగతి ఈ దినము మనకు ఎందుకు కావలెను? ఈ రెండు ప్రశ్నలకు మేము తెలుసుకొన్నంత మట్టుకు జవాబు చెప్పుతాము.

మేము అనగా ఐదుగురము. రైల్వే డ్రాయింగు ఆఫీసులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దలు ఇద్దరు, బడిలో భూగోళము చెప్పే ఉపాధ్యాయిని ఒకరు, ఇంజనీరింగు చదువుతున్న పిల్లలు ఇద్దరు. గత సంవత్సరము భవన కమిటీవారు శతజయంతి హాలు కట్టుటకు కాంపౌండులోని దక్షిణపు మూల స్థలమును అనుకొని, దాని కొలతలు తీసి పటము గీయమని మాకు చెప్పారు. కొలతలు తీయుట రెండు రోజుల పని. ఆ రెండు రోజులలో పని ముగించి కాగితము ఇచ్చివేసి ఉందుము. కాని ఆ మూలన ప్రహరీ గోడ మీద రెండు మరకలున్నవి. మీరందరు వాటిని చూచియే ఉంటారు. ఒకటి నడుము ఎత్తున ఉన్నది. అది 2015 డిసెంబరు నాటిది. రెండవది మోకాలి ఎత్తున ఉన్నది; అది 2021 నవంబరు నాటిది. టేపు పట్టుకొన్న పిల్లవాడు ఆ మరకలను చూచి, "అంకుల్, రెండు సార్లూ నీళ్లు ఈ మూలకే ఎందుకు వచ్చాయి?" అని అడిగినాడు. మా పెద్దలకు జవాబు తెలియలేదు. పల్లము గనుక వచ్చినవి అన్నాము. పల్లము ఎందుకైనది అని అతడు మరల అడిగినాడు. అక్కడినుండి మేము పాత పటముల వెంట పడ్డాము.

మొదట మేము చూచినది 1909లో వెలువడిన ఇంపీరియల్ గెజెటీర్ అట్లాసులోని మద్రాసు నగర పటము. అందులో కోట, సముద్రతీరము, మైలాపూరు, మౌంట్ రోడ్డు, సైదాపేట అన్నియు మనము గుర్తుపట్టునట్లే ఉన్నవి. అయితే మౌంట్ రోడ్డుకు పడమటి ప్రక్క, ఉత్తరమున నుంగంబాకము మొదలు దక్షిణమున సైదాపేట దాపు వరకు పొడుగైన చెరువు ఒకటి గీసియున్నది. దాని పేరు లాంగ్ ట్యాంక్, అనగా పొడుగు చెరువు. ఉత్తరపు భాగమును నుంగంబాకము చెరువు అనియు, దక్షిణపు భాగమును మైలాపూరు చెరువు అనియు పిలిచేవారు. ఇప్పుడు పానగల్ పార్కు, ఉస్మాన్ రోడ్డు, పాండీ బజారు ఉన్న చోటు కొరకు ఆ పటములో వెదకితే వీధులు లేవు, చెరువే ఉన్నది. మేము ఐదుగురము ఆ కాగితము చుట్టూ నిలుచుండి కొంతసేపు ఏమియు మాట్లాడలేదు. ఇన్నాళ్లు బస్సు దిగి, కూరగాయలు కొని, పెండ్లి చీరలు కొని తిరిగిన చోటు అది.

చెరువు అంటే పల్లెటూళ్లనుండి వచ్చిన మన పెద్దలకు వివరించనక్కరలేదు. పిల్లల కొరకు చెప్పుతాము. తమిళములో చెరువును ఏరి అంటారు. మన తెలుగులో ఏరు అంటే పారే నీరు గనుక ఈ మాట విని మనవారు పొరపడుతుంటారు. ఏరి నిలిచే నీరే. చెన్నపట్నపు నేల పడమటినుండి తూర్పునకు, సముద్రము వైపు, బహు కొద్దిగా వాలియున్నది. అట్టి నేల మీద తూర్పు ప్రక్క కట్ట వేస్తే వాన నీరు పడమటి ప్రక్క పలుచగా, విశాలముగా నిలుస్తుంది. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. కట్టలో తూము ఉంటుంది. దాని ద్వారా నీరు క్రిందనున్న పొలములకు పోతుంది. చెరువు నిండితే పొర్లిపోవుటకు కలుజు ఉంటుంది. మన చెన్నపట్నములో సంవత్సరమునకు సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో అధిక భాగము అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలోనే పడుతుంది. మూడు నెలల నీటిని దాచి మిగతా నెలలు వాడుకొనుటకు పూర్వులు చేసిన ఏర్పాటు ఈ చెరువులు. వాన వచ్చినప్పుడు నీటికి నిలువ చోటిచ్చుట కూడా వాటి పనియే.

పాత పటమును చూచి నమ్మివేయుట మంచిది కాదని మా డ్రాయింగు ఆఫీసు పెద్దలు మొదటినుండి హెచ్చరించారు. పటము గీసినవాడు తన అవసరము కొరకు గీస్తాడు. పన్ను వసూలు చేసేవాడు పొలముల హద్దులు చూపుతాడు, దండు నడిపేవాడు బాటలు, వంతెనలు చూపుతాడు. వేసవిలో కొలిచినవానికి చెరువు చిన్నదిగాను, వాన కాలములో కొలిచినవానికి పెద్దదిగాను కనబడుతుంది. ఇదిగాక స్కేలు సంగతి ఒకటి ఉన్నది. అంగుళమునకు ఒక మైలు అనే పాత సర్వే పటములో ఒక మిల్లీమీటరు అనగా నేల మీద 63 మీటర్లు. పెన్సిలు మొన మందము జరిగితే చాలు, ఒక వీధి నీళ్లలో పడుతుంది, మరొక వీధి గట్టెక్కుతుంది. కనుక మీ ఇంటి వంటగది సరిగా చెరువులో ఉన్నదా, కట్ట మీద ఉన్నదా అని మమ్మును అడుగవద్దు. పేట సంగతి చెప్పగలము గాని గది సంగతి చెప్పలేము.

పాత పటమును క్రొత్త పటము మీద సరిగా అమర్చవలెనంటే నూరేండ్లలో కదలని గుర్తులు కొన్ని కావలెను. ఆ గుర్తులు వెదకుటలో మాకు మంచి సంగతులు తెలిసినవి. సైదాపేట వద్ద అడయారు మీద వంతెన చోటు ఒకటి. అక్కడ 1726లో కోజా పెట్రస్ ఉస్కాన్ అనే అర్మేనియా వర్తకుడు తన ధనముతో వంతెన కట్టించినాడు. సెయింట్ థామస్ మౌంటు మెట్లు కట్టించినవాడు కూడా ఆయనే. ఆ వంతెనను ఇంగ్లీషువారు మార్మలాంగ్ బ్రిడ్జి అన్నారు. మార్మలాంగ్ అనగా ఏమిటో అనుకొంటిమి. అది మన మాంబలమే, ఇంగ్లీషు నోట పడి అట్లు మారినది. ఇప్పుడు ఆ చోట క్రొత్త వంతెన ఉన్నది. చిన్నమల దేవాలయము రెండవ గుర్తు. సెయింట్ థామస్ మౌంటు మూడవది. ఆ కొండ దాపుననే 1802 ఏప్రిల్ మాసములో విలియం లాంబ్టన్ దొర సుమారు ఏడున్నర మైళ్ల పొడవున గొలుసుతో నేలను కొలిచి, ఈ దేశపు మహా త్రికోణ సర్వేకు పునాది వేసినాడు. హిమాలయముల ఎత్తు లెక్క వరకు సాగిన ఆ పని మన ముంగిట మొదలైనదని మనలో ఎందరికి తెలియును?

నాలుగవ గుర్తు నుంగంబాకములో ఉన్నది. 1792లో అక్కడ ఖగోళ పరిశోధనాలయము కట్టినారు. ఇప్పుడది వాతావరణ శాఖవారి ఆవరణ. దొరల కాలములో రేఖాంశముల లెక్కలకు ఆ చోటును ఆధారముగా తీసుకొన్నారు. అందులో పరికరము నిలుపుటకు నెలకొల్పిన నల్లరాతి స్తంభము నేటికిని ఉన్నది. దాని మీద లాటిను, తమిళము, హిందుస్తానీ భాషలతో పాటు తెలుగులో కూడా శాసనము చెక్కియున్నది. పటములు గీసినవారి రాతి మీద మన భాష ఉండుట చూస్తే, ఈ పట్నములో తెలుగువారు నిన్న మొన్న వచ్చినవారు కారని తెలియును.

ఈ గుర్తులను ఆధారము చేసుకొని పెద్దలు పల్చని ట్రేసింగు కాగితము మీద, గుండు సూదులు గుచ్చి, మూడు వారములు కష్టపడి గీశారు. పిల్లలు అదే పని కంప్యూటరు మీద ఒక సాయంకాలములో చేశారు. రెండింటిని పోల్చితే సైదాపేట ప్రక్క రెండును కలిసినవి గాని నుంగంబాకము ప్రక్క కొంత తేడా వచ్చినది. తప్పు ఎవరిదని కొంచెము వాదన జరిగినది. తుదకు, రెండు చోట్ల గుర్తులు దగ్గరదగ్గరగా తీసుకొనుట వలన కంప్యూటరు పటమే సాగిపోయినదని పిల్లలే ఒప్పుకొన్నారు. మరల సరిచేశారు. సరిచేసిన తరువాత మన కాంపౌండు చెరువు అంచున, పల్లపు ప్రక్కకు పడినది. ఉత్తరపు భాగము మెరకగాను, దక్షిణపు మూల పల్లముగాను ఉండుటకు కారణము ఇదే కావచ్చునని మాకు తోచినది.

మరి ఈ చెరువు ఏమైనది? దీనిని ఎవరో రాత్రికి రాత్రి దొంగిలించలేదు. 1921 జనాభా లెక్కలలో మద్రాసు జనము సుమారు 5 లక్షల 27 వేలు. 1931 నాటికి 6 లక్షల 47 వేలు. కాపురమునకు ఇండ్లు చాలలేదు. 1920లో పట్నపు విస్తరణ కొరకు చట్టము వచ్చినది. 1923 మొదలు లాంగ్ ట్యాంకు నీరు తీసివేసి, పూడ్చి, క్రొత్త పేట వేశారు. దానికి పెట్టిన పేర్లు చూడండి. 1920 మొదలు కార్పొరేషను అధ్యక్షులుగా ఉండిన పిట్టి త్యాగరాయ సెట్టిగారి పేర త్యాగరాయనగరు. మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా ఉండిన శ్రీకాళహస్తివారు, పానగల్ రాజా రామరాయణింగారి పేర పానగల్ పార్కు. ఇద్దరును తెలుగువారే. 1931లో బీచి నుండి తాంబరము వరకు విద్యుత్తు రైళ్లు నడిచినవి. మాంబలము స్టేషనులో దిగినవారికి ఆఫీసు దగ్గరైనది. తెలుగు చలనచిత్రములు మద్రాసులో తయారైన దినములలో నటులు, గాయకులు, రచయితలు ఎందరో ఈ పేటలోనే ఇండ్లు కట్టుకొన్నారు. మన సంఘములోని కుటుంబములు కూడా అట్లు వచ్చినవారమే. కనుక చెరువు పూడ్చినవారిని నిందించుట మాకు ఇష్టము లేదు. వారు పూడ్చిన నేల మీదనే మనము పిల్లలను పెంచుకొన్నాము.

తరువాత మేము పైనుండి తీసిన బొమ్మలను వెదకినాము. విమానము మీదినుండి తీసే సర్వే ఫోటోలు సామాన్యముగా ఒకదాని మీద ఒకటి నూటికి అరువది వంతులు కలిసేటట్లు తీస్తారు. ఒకే చోటిని రెండు స్థానములనుండి చూచినట్లగును గనుక, ఆ రెండు ఫోటోలను స్టీరియోస్కోపు అనే జంట అద్దముల క్రింద పెడితే మేడలు, చెట్లు లేచి నిలుచున్నట్లు కనబడును. మన దేశములో ఇట్టి ఫోటోలు చాలాకాలము సామాన్యులకు దొరికేవి కావు; 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వమువారు పటముల విషయమై నిబంధనలు సడలించారు. మాకు వేరొక దారి దొరికినది. అమెరికావారు 1960 మొదలు 1972 వరకు కొరోనా అనే రహస్య ఉపగ్రహములతో లోకమంతా ఫోటోలు తీశారు. ఫిల్మును డబ్బాలో పెట్టి ఆకాశమునుండి పారాచూటుతో వదిలితే, క్రింద విమానము వచ్చి గాలిలోనే దానిని కొక్కెముతో పట్టుకొనేది. ఆ ఫోటోలు 8 లక్షలకు పైగా ఉన్నవి. 1995లో వాటిమీద రహస్యము తీసివేశారు. అక్కడ ఉద్యోగము చేస్తున్న మన సంఘపు అబ్బాయి ఒకరు మన ప్రాంతపు బొమ్మలను వెదకి పంపించినాడు.

ఆ నలుపు తెలుపు బొమ్మలలో త్యాగరాయనగరు అప్పటికే నిండుగా ఉన్నది. పానగల్ పార్కు చెట్లు నల్లని మచ్చగాను, దానినుండి బయలుదేరే రోడ్లు చక్రపు ఆకులవలెను కనబడుతున్నవి. రైలు దారి తిన్నని గీత. దానికి అవతల, పడమట, ఇప్పుడు ఇండ్లు క్రిక్కిరిసియున్న చోట్ల ఖాళీ నేలలు చాలా ఉన్నవి. చెరువు అనే ఆకారము లేదు. అయితే మా ఉపాధ్యాయిని గారు బొమ్మను చూచే విధము నేర్పించారు. నీరు, తడి నేల నల్లగా కనబడును. ఎండిన నేల, క్రొత్త సిమెంటు తెల్లగా కనబడును. గీతలు గీచినట్లు తిన్నగా ఉండే వీధుల మధ్య ఒక గీత వంకరగా పోతే, ఆ వంకర ఎందుకో అడుగవలెను. అట్లు అడుగగా ఒక సన్నని నల్లని గీత దొరికినది. అది నుంగంబాకము ప్రక్కనుండి మన పేట మధ్యగా వంకరలు తిరుగుతూ దక్షిణమున అడయారులో కలుస్తున్నది. అదే మన మాంబలము కాలువ. మురికి కాలువ అని ముక్కు మూసుకొని మనము దాటిపోయేది అదే. చెరువంతా పోగా నీటికి మిగిలిన దారి అది ఒక్కటే.

కాగితము మీద చూచినది కంటితో చూడవలెనని ఒక శనివారము తెల్లవారుజామున బయలుదేరి ఆ కాలువ వెంబడి నడిచాము. వళ్లువర్ కోట్టము వద్ద మొదలుపెట్టాము. 1976లో కట్టిన ఆ మండపము నుంగంబాకము చెరువు ఉండిన నేల మీదనే ఉన్నది. నుంగంబాకములో ట్యాంక్ బండ్ రోడ్డు అని ఒక వీధి ఉన్నది. కట్ట లేదు, పేరున్నది. రైలు దారికి అవతల పశ్చిమ మాంబలములో లేక్ వ్యూ రోడ్డు ఉన్నది. మేడ మీద నిలుచున్నను కనబడుటకు సరస్సు లేదు. ఈ పేర్లను ఎన్ని వేల సార్లు ఆటో డ్రైవరుకు చెప్పియున్నామో! పేరులో ఉన్న సాక్ష్యమును వినలేదు.

దారిలో మన సంఘపు అమ్మమ్మగారి ఇంట కాఫీ త్రాగాము. ఆమె వయసు తొంబది దాటినది. పటము చూపించితే అద్దములు తెచ్చుకొని చాలాసేపు చూచినది. "నేను పిల్లప్పుడు నుంగంబాకము వైపు ఇంకా నీళ్లుండేవి నాయనా. మా నాయన చెయ్యి పట్టుకొని కట్ట మీద నడిచేదాన్ని. వాన పడితే కప్పల అరుపుకు నిద్ర పట్టేది కాదు. ఇల్లు కొనేటప్పుడు మా అత్తగారు, ఇది చెరువు నేల, అరుగు ఎత్తుగా కట్టించుకోండి అన్నది. కట్టించుకొన్నాము. తరువాత రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డే ఎత్తు పెరిగింది, మా అరుగు పల్లమైపోయింది" అని చెప్పినది. నిజమే. ఆమె ఇంటి గుమ్మము ఇప్పుడు రోడ్డుకంటె రెండు మెట్లు క్రిందికి ఉన్నది. పటములు చెప్పలేని సంగతి ఆమె ఒక్క మాటలో చెప్పినది.

కాలువ వెంట కొన్నిచోట్ల ఇండ్ల గోడలు నీటి అంచువరకు వచ్చియున్నవి. కొన్నిచోట్ల ప్లాస్టికు సంచులు, కొబ్బరి బోండములు, పాత పరుపులు అడ్డుపడి నీరు కదలక నిలిచియున్నది. అందులో మన ఇండ్లనుండి వచ్చినది ఎంత అని మేము లెక్కవేయలేదు. ఏమియు లేదని చెప్పే ధైర్యము మాకు లేదు.

ఇప్పుడు గోడ మీది రెండు మరకల సంగతికి వస్తాము. అవి రెండు వేరువేరు నీళ్లు. 2015 డిసెంబరు 1వ తేదీన కుంభవర్షము కురిసినది. చెంబరంబాకము చెరువునుండి అడయారులోనికి సెకనుకు 29,000 ఘనపుటడుగుల వరకు నీరు వదిలినారు. నది పొంగినప్పుడు నదిలో కలువవలసిన మన కాలువ కలువలేదు. నీరు వెనుకకు తన్నినది. నడుము ఎత్తు మరక అదే. 2021 నవంబరు 6, 7 తేదీలలో ఒక్క రాత్రిలో నుంగంబాకములో 20 సెంటీమీటర్లకు మించి వాన పడినది. అప్పుడు మన వీధులలో పడిన వానకే బయటికి పోవుటకు దారి చాలలేదు. త్యాగరాయనగరులో, పశ్చిమ మాంబలములో దినముల తరబడి నీరు నిలిచినది. మోకాలి ఎత్తు మరక అది. ఒకటి బయటినుండి వచ్చిన నీరు, ఒకటి బయటికి పోలేని నీరు. రెండును వచ్చి నిలిచినది ఒకే చోట, చెరువు ఉండిన పల్లములో. టేపు పట్టుకొన్న పిల్లవాని ప్రశ్నకు మా జవాబు ఇదే: నీళ్లు దారి తప్పి మన మూలకు రాలేదు. వాటి చోటునకు అవి వచ్చినవి.

ఇట్టి సంగతి మన పేటలోనే జరిగినది కాదు. హైదరాబాదులో మనవారు ఎందరో ఉన్నారు. అక్కడ మాసాబ్ ట్యాంకు అనే చోట ట్యాంకు లేదు, పేరే ఉన్నది. మన పట్నమునకే దక్షిణమున పళ్లికరణై చిత్తడి నేల ఇండ్ల క్రింద, రోడ్ల క్రింద, చెత్త కుప్పల క్రింద బహుగా తగ్గిపోయినది. మిగిలినదానికి 2022లో రామ్సర్ జాబితాలో చోటు దొరికినది. మిగిలినదానినైనను కాపాడవచ్చునని దీనివలన తెలియును. కనుక ఈ అధ్యక్షమండలములోని ఇతర సంఘములవారు కూడా తమ ఊరిని ఇట్లు చూచుకొనవలెనని మా మనవి. దీనికి గొప్ప చదువు అక్కరలేదు. మీ వీధుల పేర్లలో చెరువు, కుంట, కట్ట, తూము, తోపు అనే మాటలున్నవేమో చూడండి. రెవెన్యూ ఆఫీసులో గ్రామ పటము అడగండి. తిన్నని వీధుల మధ్య వంకర పోయిన బాట ఎందుకు వంకర పోయినదో అడగండి. వాన వచ్చిన రోజున గొడుగు వేసుకొని నీరు ఎటు పారుతున్నదో చూడండి. అన్నిటికంటె ముందు పెద్దవారిని అడగండి. పటములు గ్రంథాలయములో ఉంటవి, వచ్చే సంవత్సరము కూడా ఉంటవి. పెద్దవారు ఉంటారని చెప్పలేము.

తుదకు, భవన కమిటీవారికిని సంఘమునకును మేము చేయు మనవి. కొందరికి ఇది రుచింపకపోవచ్చును. దక్షిణపు మూల ఖాళీగా ఉన్నదనియు, హాలుకు అదే అనుకూలమనియు అందరును ఒప్పుకొన్న తరువాత మేము అడ్డు చెప్పుతున్నాము. కానుకలు ఇచ్చినవారు తొందరపడుతున్నారని కూడా ఎరుగుదుము. అయినను చూచినది చెప్పకుండుట తగదు.

మొదటిది, హాలును ఉత్తరపు మెరక మీద, పాత బడి గదుల ప్రక్కన, కొంచెము చిన్నదిగానైనను కట్టవలెను. దక్షిణపు మూలయే కావలెనంటే, క్రింది అంతస్తును స్తంభముల మీద ఖాళీగా వదిలి, పుస్తకములు, రిజిస్టర్లు, విద్యుత్తు పెట్టెలు పైనుండునట్లు కట్టవలెను. 2015లో తడిసిన వివాహ రిజిస్టర్లను మన స్త్రీలు వారము దినములు విసనకర్రలతో ఆరబెట్టిన సంగతి మరువలేదు.

రెండవది, ఆవరణ అంతటికి సిమెంటు పలకలు పరచవలెననే ఆలోచన మానవలెను. నేల త్రాగే నీరు నేల త్రాగవలెను. మూలనున్న పాత బావిని పూడ్చవద్దు. మేడ మీది వాన నీటిని భూమిలోనికి పంపే ఏర్పాటు తమిళనాడులో 2003 నుండి అన్ని కట్టడములకు తప్పనిసరి. మన గొట్టము ఎన్నడో విరిగియున్నది. దానిని బాగుచేసి బావిలోనికి మళ్లించవలెను.

మూడవది, ప్రతి సంవత్సరము సెప్టెంబరులో, వానలకు ముందు, యౌవనస్థుల సమాజమువారు మన ఇండ్లనుండి కాలువవరకు ఉన్న తూములను చూచి, అడ్డములున్నచోట కార్పొరేషనువారికి వ్రాయవలెను. మన ఇంటి చెత్త ఆ కాలువలో వేయకుండుట దానికంటె ముందు పని.

నాలుగవది చిన్నది. శతజయంతికి ప్రహరీ గోడకు సున్నము వేయుటకు మనుష్యులు వచ్చే వారము వస్తున్నారు. వారు ఆ రెండు మరకలను కప్పివేస్తారు. గోడకు సున్నము వేయండి. కాని ఆ మరకలు ఉన్న ఎత్తున రెండు రాతి పలకలు పెట్టి, వాటి మీద 2015, 2021 అని సంవత్సరములు చెక్కించండి. వాటికయ్యే ఖర్చు మా ఐదుగురము పెట్టుకొంటాము. ఇకమీదట ఆ మూలన కట్టడము కట్టవలెనని ఎవరికి తోచినను, టేపు తీయకముందు ఆ రాళ్లను చూస్తారు.

మేము గీసిన పటమును, కొరోనా బొమ్మను, అమ్మమ్మగారి మాటలు వ్రాసిన కాగితమును వాకిట బల్ల మీద ఉంచాము. కూటము ముగిసిన తరువాత మీ వీధిని వెదకి చూచుకొనండి. తప్పులుంటే చెప్పండి, సరిచేస్తాము.